దివాణం దొడ్డి గుమ్మం

పోస్టాఫీసులో ముప్పై ఆరేళ్లు పనిచేశాను. అన్నాళ్లూ అందరూ పోస్టుమాస్టారు అనేవారు. రిటైరయ్యాక పోస్టు పోయి మాస్టారు మిగిలారు. ఎవరికీ ఒక్క అక్షరం ముక్క నేర్పిన పాపాన పోలేదు కాబట్టి ఆ పిలుపుకి నేను తగను. అయినా పలుకుతాను. పిలిస్తే పలకడం, అడిగితే ఒప్పుకోవడం మా కోనసీమ వాళ్లకి ఉగ్గుపాలతోపాటు పట్టిస్తారు. నాకు రెండోది కాస్త ఎక్కువ పట్టించినట్టున్నారు.

శివరాత్రి వెళ్లిన వారం అమలాపురం నుంచి ఫోనొచ్చింది. యాత్రికుల సంగతులు చూసే ఆఫీసులో చిన్న వయసు అధికారి. పాత టపా దారుల మీద నేను ఎప్పుడో రాసిన రెండు ముక్కలు చదివాడట. ఒకప్పుడు ఈ లంకల్నీ, తోటల్నీ, వాటిలో మనుషుల్నీ ఏలిన జమీ కుటుంబం ఒకటుంది. వారి ఆనవాళ్లన్నీ వరసగా చూపించే యాత్రాదారి గీసివ్వాలన్నాడు. పొద్దున్న అమలాపురంలో కారెక్కినవాళ్లు కొత్తపేట, రాజోలు చూసుకుని సాయంత్రానికి అంతర్వేదిలో దిగాలి.

“ఏడెనిమిది చోట్లు చాలండీ మాస్టారూ. ఉంటాయి కదండీ?”

“ఆయ్,” అన్నాను. ఉంటాయో లేదో నాకు తెలియదు.

ఆ కుటుంబం పేరు ఇక్కడ రాయను. వారసులు ఇంకా ఉన్నారు, మర్యాదస్తులు. వారిలో ఒకరికి ఫోన్ చేస్తే, “మాకంటే మీకే ఎక్కువ తెలుసండీ, మీరెలా అంటే అలాగే,” అన్నారు. ఆ మాటకి పొంగిపోయాను. దాన్లో ఒక్క సమాచారమూ లేదని ఫోన్ పెట్టేశాక గాని తట్టలేదు.

మొదటి రెండు చోట్లూ సులువుగానే దొరికాయి. కొత్తపేట దగ్గర వారి కచేరీ ఉంది. ఒకప్పుడు శిస్తులు రాసిన మేడ గదుల్లో ఇప్పుడు కొబ్బరికాయలు రాశులు పోసుకుంటున్నారు. ఇంకొంచెం ముందుకెళ్తే కాలవ పక్కన వారు కట్టించిన రేవు మెట్లు. అసలైన దివాణం, అంటే ఆ కుటుంబం కాపురమున్న ఇల్లు, రాజోలు అవతల ఏటిగట్టు మీద ఉండాలి. రాజోలులో ఒక ఆటో మాట్లాడుకుని వెళ్లాను. నా వయసు సగమున్న ఆ డ్రైవరు ఏటిగట్టు మీద ఆటో ఆపి, వశిష్ఠ గోదారి మధ్యకి వేలు చూపించాడు.

“అదిగోనండీ దివాణం. ఆ ఇసక మేట కనపడతందా అండీ? దానికి కూసింత ఇవతలగా.”

“నీళ్లలోనా?”

“అప్పుడది నీళ్లు కాదండీ. ఊరు.”

మా సీమలో కోతలు నాలుగు రకాలు. వరి కోత, కరెంటు కోత, గట్టు కోత. నాలుగోవి నేను కోసేవి. గట్టు కోత అంటే వరద వచ్చినప్పుడల్లా గోదారి ఒడ్డుని కొరుక్కుంటూ ఊళ్లోకి రావడం. దానికి లంకల వాళ్లు తరతరాలుగా ఒక పద్ధతి పెట్టుకున్నారు. నది గుమ్మం దాకా వచ్చేవరకు కూర్చోరు. ముందే ఇల్లు విప్పేస్తారు. పెంకులు దింపి, వాసాలు ఊడదీసి, ద్వారబంధాలు తవ్వి తీసి, పడవకెత్తి, ఇంకో చోట నిలబెట్టుకుంటారు. అందుకే అక్కడ డబ్బున్నవాళ్లు కూడా స్లాబు వేయడానికి వెనకాడతారు. స్లాబుని విప్పలేరు కదా.

దివాణాన్నీ అలాగే విప్పారట. విప్పిన కలపని తాము తీసుకుపోకుండా, అందులో పనిచేసినవాళ్లకి చీట్లు వేసి పంచేశారట. “ఎవరి ముక్క ఆళ్లు పడవలమీద ఏసుకుని ఎల్లిపోయేరండీ,” అన్నాడు డ్రైవరు. “దివాణం ఎక్కడుందంటే ఏం చెప్తామండీ. ఇంటింటికీ ఉందండీ.”

ఆ రాత్రి నిద్ర పట్టనంత కుతూహలం నాకు. దారి గీయమని నన్ను అడిగారు గాని, గోదారి ఆ పని ముందే చేసి పెట్టింది. ఒక ఇల్లు పది ఊళ్లకి నడిచి వెళ్లిపోయింది. దాని అడుగులు పట్టుకుని వెళ్తే చాలు. అన్నిటికంటే ముందు సింహద్వారం దొరకాలి. నిలువెత్తు తలుపులు, పైన చెక్కిన రెండు సింహాలు, అని పెద్దవాళ్లు చెప్పగా విన్నాను.

అదే ఆటోలో పది రోజులు తిరిగేసరికి సింహద్వారాలు నాలుగు దొరికాయి. సింహం ఒక్కటీ దొరకలేదు. మొదటి ఇంట్లో సింహాలకి చెద పట్టిందన్నారు. రెండో ఇంట్లో రంగుల కింద ఉన్నాయన్నారు. మూడో ఇంట్లో చిలకలున్నాయి. నేను అడగడం, వాళ్లు ఒప్పుకోవడం.

“ఇది దివాణం సింహద్వారమేనా అండీ?”

“ఆయ్.”

“మీ తాతగారు పడవ మీద తెచ్చుకున్నారా?”

“ఆయ్ అండీ.”

“చీట్లలో వచ్చిందే కదా?”

“ఆయ్, మరేనండి. కాఫీ పుచ్చుకుంటారా?”

నాలుగు ఇళ్లలోనూ కాఫీ బాగుంది. నోట్‌బుక్కులో నాలుగింటినీ రాసుకున్నాను. ఒక ఇంటికి నాలుగు సింహద్వారాలు ఎందుకుండకూడదు, దిక్కులు నాలుగు కదా, అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇంత తెలివి ఉద్యోగంలో చూపించి ఉంటే ప్రమోషన్ వచ్చేది.

ఐదో ద్వారం దారికి బాగా పక్కన, ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువు గట్టు మీద మోటారు షెడ్డుకి ఉందని తెలిసి అక్కడికీ వెళ్లాను. చెరువు యజమాని ఏరేటర్ల మోతలో నా ప్రశ్న వినలేదు. “ఏమోనండీ, పాత కర్ర, షెడ్డుకి పెట్టేం,” అని ఊరుకున్నాడు. కాఫీ కూడా ఇవ్వలేదు. దాన్ని నేను అంతగా లెక్కలోకి తీసుకోలేదు. అయితే ద్వారబంధం పక్క కర్ర పైకర్రలోకి దూరే చోట ఉలితో చెక్కిన మూడు గీతలు, పక్కన ఒక చుక్క కనపడ్డాయి. ఫోటో తీసుకున్నాను.

తిరిగి వస్తుంటే రాజోలు అవతలి రేవులో, లంకకి వెళ్లే పంటు పడవ కోసం నిలబడ్డ ఒకావిడ మా ఆటోకి అడ్డంగా వచ్చింది. యాభై దాటిన మనిషి, భుజాన బియ్యం సంచీ.

“తలుపులు సూసే మాస్టారు మీరేనాండీ?”

“నేనే అమ్మా.”

“అందరిళ్లకీ ఎల్లేరంట. మా ఇంటికి రారేంటండీ?”

“మీ ఇంట్లోనూ సింహద్వారం ఉందా?” కొంచెం భయంగానే అడిగాను.

“ఛ, ఛ. మాది దొడ్డి గుమ్మమండీ. మా అమ్మమ్మ ఆళ్లింట్లో వడ్లు దంచేది. ముందు గుమ్మం ఎలాగుంటదో కూడా సూడలేదంట.”

అంతవరకు నన్ను ఎవరూ దొడ్డి గుమ్మానికి పిలవలేదు. పంటెక్కాను.

ఆవిడ ఇల్లు చిన్న పెంకుటిల్లు. భర్త పోయాక పదకొండేళ్లు కువైట్‌లో ఒకరింట్లో వంట చేసి, వచ్చి ఆ ఇల్లు కట్టుకుంది. దివాణం వెనక గుమ్మం ఈ ఇంటికి వీధి గుమ్మం. దానికింద తల వంచుకు వెళ్లాల్సినంత పొడుగు నాకు దేవుడివ్వలేదు, కాని నోట్‌బుక్కు చూసుకుంటూ గడప ఎక్కి నిలబడ్డాను, పైకర్ర నుదుటికి తగిలింది. ఆవిడ నవ్వుకుంటూ తడిగుడ్డ తెచ్చింది.

“దొడ్డి గుమ్మం కదండీ. నెత్తిమీద గంప దింపుకుని రావాలని కావాలనే పొట్టిగా పెట్టేరంట. మా అమ్మమ్మ సెప్పేది.”

నుదురు ఒత్తుకుంటూ గడప చూశాను. మధ్యలో కాదు, ఎడం పక్కన అరిగిపోయి ఉంది, చేట అడుగులా లోతుగా. గంపలు దింపినప్పుడల్లా కాలు అక్కడే పడేదట. ఎంతమంది ఆడవాళ్లు, ఎన్ని గంపలు పడితే టేకు అంత అరుగుతుందో అనుకుంటూ చాలాసేపు వేళ్లతో తడిమాను. ఆ తరవాత ద్వారబంధం మూల చూశాను. ఉలి గీతలు తొమ్మిది. పక్కన చుక్క. రొయ్యల చెరువు షెడ్డు మీద ఉన్నదే, అదే చెయ్యి. ఎప్పుడైనా విప్పాల్సివస్తే మళ్లీ కూర్చుకోవడానికి, ఏ గుమ్మం ఏదో వడ్రంగులు కట్టినప్పుడే వేసుకున్న అంకెలు. మూడో గుమ్మం ఉప్పలగుప్తంలో మోటారుకి కాపలా కాస్తోంది, తొమ్మిదోది ఇక్కడుంది. ఉత్తరం మీద ముద్ర చూసి అది ఏ ఊళ్లో బయలుదేరిందో చెప్పగలిగినవాణ్ని, ఇన్నాళ్లకి ఒక తలుపు మీద ముద్ర చదివాను.

ఆవిడ కువైట్ పాలపొడితో టీ పెట్టి ఇచ్చి, ఇంటి పక్కకి తీసుకెళ్లింది. కొబ్బరి చెట్లు రెండు, తరవాత అరటి పిలకలు, తరవాత ఒడ్డు తెగిపోయి ఉంది. కింద గోదారి.

“నలభై అడుగులుందండీ. కిందటేడు అరవై,” అంది. తన పాదాలతో కొలుచుకుంది. “ఈ తలుపు సర్కారు పుస్తకంలోకెక్కి, బోర్డు పెడితే, ఇక్కడ ఒడ్డుకి రాళ్లు పోస్తారు కదండీ? లేపోతే వానలకి ముందే ఇప్పుకోవాలి. కువైట్‌లో పదకొండేళ్లు కట్టుకున్న ఇల్లండీ ఇది. రాళ్లు పడతాయి కదా మాస్టారూ?”

రాళ్ల సంగతి నాకేమీ తెలియదు. గ్లాసు చేతిలో వెచ్చగా ఉంది, తొమ్మిది గీతలు కళ్లలో ఉన్నాయి, ఆవిడ మొహం ఎదురుగా ఉంది.

“ఆయ్,” అన్నాను.

ఇంటికొచ్చాక ఫోటోలు పక్కపక్కన పెట్టి చూశాను. నాలుగు సింహద్వారాల మీదా గీతల్లేవు. మళ్లీ బయలుదేరాను. ఈసారి ప్రశ్న మార్చాను. ఇది ఫలానాదేనా అని కాకుండా, ఇది ఎక్కడిదండీ అని అడిగాను.

మొదటి ఇంటాయన, కాఫీ ఇచ్చినాయనే, “మా మావగారు తణుకులో కొన్నారండీ,” అన్నాడు.

“మొన్న దివాణం సింహద్వారమన్నారు?”

“మీరే అన్నారు కదండీ. అంత దూరం నుంచొచ్చిన పెద్దమనిషి ముచ్చట పడి అంటుంటే, కాదంటే ఏం బాగుంటుందండీ?”

“చీట్లలో వచ్చిందనీ చెప్పారు.”

“అదీ మీరే అన్నారండీ. మేం విన్నామంతే. పనసతొనలు తింటారా?”

మిగతా మూడిళ్లలోనూ అంతే. ఒకటి కాకినాడ నుంచి వచ్చింది, ఒకటి పెళ్లికి చేయించుకున్నది. చిలకల తలుపు ఎక్కడిదో వాళ్లకే తెలియదు. ఒక్కరూ నాకు అబద్ధం చెప్పలేదు. చెప్పినవన్నీ నేనే చెప్పుకున్నాను, వాళ్లు మర్యాదకి తలూపారు. ఆ సంగతికి ఆటోలో పడి పడి నవ్వాను. డ్రైవరు కూడా నవ్వాడు. నేనూ ఒక గడప దగ్గర తలూపి వచ్చానన్న సంగతి అప్పుడు నాకు గుర్తుకు రాలేదు.

వేసవిలో కూర్చుని దారి గీశాను. సింహద్వారాలు నాలుగూ కొట్టేశాను. కచేరీ, రేవు మెట్లు, ఏటిగట్టు మీంచి నదిలో దివాణం ఉన్న చోటు, మోటారు షెడ్డు, దొడ్డి గుమ్మం. తొమ్మిదో గుమ్మం గురించి నాలుగు పేజీలు రాశాను. మిగతావాటికి తలొక అర పేజీ వచ్చింది. జూన్‌లో పట్టుకుని అమలాపురం వెళ్లాను. అధికారి ఓపిగ్గా అంతా చదివాడు.

“సింహద్వారం తీసేసేరేంటండీ మాస్టారూ?”

“దొరకలేదండీ.”

“నాలుగు దొరికేయన్నారు కదండీ ఫోన్లో?”

“నాలుగు దొరికాయి కాబట్టే దొరకలేదండీ.”

అతను గీతల ఫోటోలు తిరగేశాడు. “జమీందారు గారి యాత్ర అని పెట్టి దొడ్డి గుమ్మానికి తీసుకెళ్తే ఊరుకుంటారాండీ జనం?”

“ముందు గుమ్మాలు అన్ని చోట్లా ఉంటాయండీ. వడ్లు దంచినవాళ్లు అరగదీసిన గడప ఎక్కడా చూపించరు. నా మట్టుకు నాకు అదే చూడాలనిపించింది.”

అతను మంచివాడు. పెన్ను తిప్పుకుంటూ ఆలోచించి ఒప్పుకున్నాడు. బోర్డు పెడతామన్నాడు. లేచి గుమ్మం దాకా వచ్చాక అడిగాను, ఏదో చిన్న విషయమన్నట్టు: “ఆ ఇంటి దగ్గర ఒడ్డుకి రాళ్లు పోయిస్తారు కదండీ?”

“రాళ్లు మాకు సంబంధం లేదండీ. అది వేరే ఆఫీసు. ఆ లంక వైపు ఇప్పట్లో ఏమీ లేదనే విన్నాను.”

అదే సాయంత్రం రేవు దాటి వెళ్లి ఆవిడకి చెప్పి ఉండాలి. వెళ్లలేదు. మోకాలు నొప్పి అనుకున్నాను. మర్నాడు ఎండ అనుకున్నాను. ఆ తరవాత చుట్టాలు వచ్చారు. వాళ్లు రెండు రోజులకే వెళ్లిపోయారు, అయినా నేను కదల్లేదు. ముప్పై ఆరేళ్లు ఊరందరికీ చేదు కబుర్లున్న కార్డులు బట్వాడా చేయించినవాణ్ని, నా నోటితో చెప్పాల్సిన ఒక్క కబురు బట్వాడా చేయలేక దాచుకున్నాను.

ఎనిమిదో రోజు ఆటో డ్రైవరు ఫోన్ చేశాడు. ఎర్రనీరు తగిలిందన్నాడు. గోదారి నీళ్లు మట్టి రంగు తిరిగితే వరద వెనకాలే ఉందని అర్థం.

“లంకలో అంచునున్న మూడిళ్లూ ఇప్పేసుకున్నారండీ. ఆ తలుపావిడ మాత్రం ఇప్పట్లేదండీ. అన్నగారొచ్చి అరిసేడంట. మాస్టారు మాటిచ్చేరు, రాళ్లు పడతాయి అంటందంటండీ.”

చెప్పులు ఏ కాలివి ఆ కాలికి వేసుకున్నానో లేదో తెలియదు. పంటు అవతలికి చేరేసరికి ఆవిడ ఇంటి ముందు పెసలు ఎండబోస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

“రాళ్లొచ్చేయాండీ?”

“రావమ్మా. ఆ ఆఫీసు వేరట. నాకు ఆ రోజు కూడా తెలీదు. తెలీకుండానే ఆయ్ అన్నాను.”

ఆవిడ పెసల వంక చూసింది. తరవాత ఒడ్డు వంక చూసింది. నన్ను మాత్రం చూడలేదు.

“తెలీదనుంటే సరిపోయేది కదండీ.”

“సరిపోయేదమ్మా.”

“ఆయ్ అంటే మాబోటోళ్లు ఏదో మర్యాదకి అంటారు. సదువుకున్నోరు కదా, మీరు తెలిసే అన్నారనుకున్నానండీ.” కోపంగా అనలేదు. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. వంగి పెసలు చేటలోకి ఎత్తుకుంది. “సరే. ఖలాస్. మా అన్నయ్యకి ఫోన్ సెయ్యండి, నా చేతులనిండా దుమ్మండీ.”

రెండు రోజుల్లో ఇల్లు విప్పాం. విప్పాం అనడం నా కోత. విప్పినవాళ్లు అన్నగారు, వడ్రంగి మేస్త్రి, పక్కిళ్ల మగవాళ్లు. నేను సుద్దముక్కతో వాసాల మీద అంకెలు వేశాను. ఒకే అంకె రెండు వాసాల మీద వేశానని మేస్త్రి నా చేతిలోంచి సుద్ద తీసేసుకుని, పెంకులు అందించే వరసలో నిలబెట్టాడు. ద్వారబంధాన్ని ఆఖరున తవ్వి తీశారు. గడప పడవలోకి దించుతుంటే ఆవిడ చేతులతో పట్టుకుంది, ఎవరినీ పట్టుకోనివ్వలేదు.

ఏటిగట్టుకి ఇవతల అన్నగారి దొడ్డిలో రెండు సెంట్ల జాగా. నాలుగో రోజుకి గుమ్మం నిలబెట్టే వేళయింది. ఆ ఏడు వరద తీసుకున్నది పదకొండు అడుగులేనని తరవాత తెలిసింది. ఇంకో ఏడు ఆగి ఉండొచ్చునని ఆవిడ ఒకసారి అంది, నన్ను దెప్పడానికో, లెక్కకో తెలియదు. ఆ సంగతులన్నీ తరవాతివి. ఆ పొద్దున్న మాత్రం వాన కాసేపు తెరిపిచ్చింది. మేస్త్రి ద్వారబంధాన్ని గుంటల్లో నిలబెట్టి, వెనక్కి జరిగి కంటితో చూసి, బాగుందన్నాడు. అన్నగారు బాగుందన్నాడు. డ్రైవరు కూడా, ఆటో దిగకుండానే, బేషుగ్గా ఉందండీ అన్నాడు. సిమెంటు తట్ట సిద్ధంగా ఉంది.

ఆవిడ మాత్రం సిమెంటు వేయనివ్వలేదు. నా వైపు తిరిగింది.

“మాస్టారూ, మీరు సెప్పండి. మర్యాదకి కాదు. తిన్నగా ఉందా?”

అందరూ నన్ను చూశారు. మేస్త్రి పొద్దున్నుంచి ఏమీ తినలేదు. మేఘం మళ్లీ కమ్ముతోంది. నేను వెనక్కి నడిచి, రోడ్డు మీద నిలబడి, ఒక కన్ను మూసి చూశాను. నచ్చజెప్పుకోవడానికి చాలా ప్రయత్నించాను గాని కుదరలేదు.

“లేదమ్మా,” అన్నాను. “ఎడం పక్క వేలెడు కిందకుంది.”

మేస్త్రి నన్ను ఒక చూపు చూసి, దారానికి కట్టిన ఇత్తడి గుండు తీసి వేలాడదీశాడు. గుండు ఆగేదాకా చూసి, గడప కిందకి గునపం పోనిచ్చాడు. ఆవిడ కొంగు బిగించుకుని, ఎడం పక్కకి వెళ్లి ఎత్తు పట్టింది. రెండో కొస పట్టుకోవడానికి నేను వెళ్లాను.